స్క్రిప్టు అనకండి, పాపం తగులుతుంది

మా బావగారు రియాలిటీ షో చూడరు. గదిలో టీవీ నడుస్తుంటే కూర్చుంటారు, అంతే. కూర్చున్న పది నిమిషాలకు ‘అంతా స్క్రిప్టేనయ్యా’ అని తీర్పు చెబుతారు. చెప్పి, ఎలిమినేషన్ ఎవరిదో తేలేదాకా కదలరు. ఇలాంటి బావగారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు కాబట్టి పేరు చెప్పక్కర్లేదు.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. స్క్రిప్టు రాయడంలో కష్టమేముందండీ? ‘ఆమె ఏడుస్తుంది’ అని రాస్తే ఆమె ఏడుస్తుంది. కాగితం మీద ఒక్క ముక్క పెట్టకుండా, ఎవరికీ డైలాగు ఇవ్వకుండా, సరిగ్గా బ్రేకుకు ముందు ఏడవని మనిషి ఏడ్చినట్టు అనిపించాలంటే ఎంత పనితనం ఉండాలి! ఆ పనివాళ్ల తరఫున మాట్లాడే దిక్కు లేదు. అందుకే పూనుకున్నాను.

పోటీల్లో అచ్చంగా స్క్రిప్టే నడిచిన రోజులూ ఉన్నాయి, కాదనను. 1950ల్లో అమెరికాలో ఎన్‌బీసీ వాళ్లకు ‘ట్వంటీ వన్’ అని ఒక క్విజ్ షో ఉండేది. హెర్బర్ట్ స్టెంపెల్ అనే ఆయన వారం వారం గెలుస్తూ వచ్చాడు. జవాబులు ముందే చెప్పేవారు కాబట్టి గెలవడం కష్టం కాలేదు. కష్టపడింది చెమట దగ్గర. ఆయన్ని నిలబెట్టిన అద్దాల గదిలో ఏసీ ఆపేసి చెమట పట్టించారు. పట్టిన చెమటను తుడుచుకోకూడదు, రుమాలుతో మెల్లగా అద్దుకోవాలి అని నేర్పారు. తుడుచుకుంటే ఉక్కపోత, అద్దుకుంటే ఆలోచన. ఇంత తేడా కనిపెట్టిన మనుషుల్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు.

కొన్నాళ్లకు స్టెంపెల్ మొహం జనానికి మొత్తింది. చార్లెస్ వాన్ డోరెన్ అనే చక్కని లెక్చరర్‌ను తెచ్చి, 1956 డిసెంబరులో ఆయన చేతిలో ఓడిపొమ్మన్నారు. 1955కు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ ఏ సినిమాకు వచ్చింది అన్న ప్రశ్న దగ్గర తప్పు చెప్పాలి. సరైన జవాబు స్టెంపెల్‌కు బాగా నచ్చిన సినిమా. అయినా తెలిసి తెలిసి ఇంకో పేరు చెప్పాడు. తర్వాత గుట్టు రట్టయింది. 1959 నవంబరులో వాన్ డోరెన్ అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) ఉపసంఘం ముందు అంతా ఒప్పుకున్నాడు. 1960లో అక్కడ చట్టం సవరించారు. జ్ఞానం, నైపుణ్యం, అదృష్టం మీద నడిచే పోటీల్లో జనాన్ని మోసం చేసేలా ఫలితాన్ని ముందే ఖాయం చేస్తే నేరం.

చట్టం చేసినవాళ్లు ఫలితానికి తాళం వేశారు. మిగతా ఇల్లంతా తలుపులు బార్లా తీసి వదిలేశారు. ఎవరు గెలిచారన్నది ముట్టుకోకూడదు. గెలిచినవాడు ఎలాంటివాడో, ఓడినవాడికి ఆ శాస్తి ఎందుకు జరగాల్సిందో మనం చెప్పుకోవచ్చు. ఈ పరిశ్రమ మొత్తం ఆ సందులో లేచిన మేడ.

ఇక మేడ లోపలికి రండి. ఒక గంట ఎపిసోడ్ కోసం వందల గంటల ఫుటేజీ పోగవుతుంది. అన్ని గంటల్లో మనుషులు ఏం చేస్తారు? కూర్చుంటారు. ఆవలిస్తారు. నా చెప్పులు చూశారా అని అడుగుతారు. జీవితానికి కథ చెప్పడం చేతకాదు, ఆ సంగతి మనకు మన జీవితాలు చూస్తే తెలుస్తూనే ఉంది. సోమవారం అనాల్సిన మాట గురువారం అంటుంది. గొడవ ముదిరే సమయానికి నిద్రపోతుంది. ఈ లోపాలు సరిదిద్దడానికే ఎడిటింగ్ గది.

ఆ గదిలో ‘ఫ్రాంకెన్‌బైట్’ అని ఒక మాట ఉంది. ముక్కలు కుట్టి మనిషిని తయారుచేసిన కథలోని శాస్త్రవేత్త ఫ్రాంకెన్‌స్టైన్ పేరులోంచి సగం, టీవీవాళ్ల సౌండ్ బైట్‌లోంచి సగం తీసి ఆ మాటనే ముందు కుట్టారు. పని ఇలా ఉంటుంది. ఒకమ్మాయి పక్కమంచం అమ్మాయి గురించి, ‘తనంటే నాకు చాలా ఇష్టం. అబద్ధాలాడేవాళ్లంటే మాత్రం అస్సలు పడదు’ అందనుకోండి. ఇందులో ఒక్క అక్షరం కూడా కలపకుండా, కేవలం మధ్యలోది తీసేస్తే ‘తనంటే నాకు... అస్సలు పడదు’ అని వస్తుంది. గొంతు ఆమెదే, మాటలు ఆమెవే. స్క్రిప్టు ఎక్కడుంది, చూపించండి.

ఈ సందర్భంలో మన పూర్వులకు ఒక దణ్ణం పెట్టాలి. ఇంగ్లీషువాడు ఇష్టమో కాదో వాక్యం మొదట్లోనే కక్కేస్తాడు. మనం క్రియను చివర పెట్టుకున్నాం. ఇష్టపడ్డామా, అసహ్యించుకున్నామా, క్షమించామా అన్నది ఆఖరి మాటదాకా తేలదు. ఆ ఆఖరి మాట ఒక్కటి మారిస్తే మనిషే మారిపోతాడు. రియాలిటీ షో కోసమే పుట్టినట్టుంది ఈ వ్యాకరణం.

కుట్టు ఎక్కడ పడిందో కనిపెట్టడం కూడా సులువే. మాట వినిపిస్తూ ఉండగా పెదాలు కనబడకుండా పోతాయి. అదే క్షణంలో మాట్లాడుతున్న మనిషి వెనకతల కనిపిస్తుంది, లేదా ఎవరో తలూపుతుంటారు, లేదా ఏ సంబంధమూ లేని కిటికీ. ఆ తలూపడం ఎప్పటిదో దేవుడికెరుక. భోజనం వేళయిందా అంటే ఊపిన తల అయినా కావచ్చు. అవార్డుల్లో ఉత్తమ సహాయ నటుడికి ఇస్తున్నారు గానీ, ఇంత భారం మోస్తున్న వెనకతలకు ఇంతవరకు ఒక్క జ్ఞాపిక లేదు.

కన్ఫెషన్ రూమ్ సంగతి వేరు. అక్కడ మనిషి ఒంటరిగా కెమెరా ముందు కూర్చుని గుండె విప్పుతున్నట్టు మనకు కనిపిస్తుంది. కెమెరా పక్కన కూర్చుని ప్రశ్నలు అడిగే మనిషి కనిపించడు. అక్కడి నియమం ఏమిటంటే ప్రశ్నను జవాబులో కలుపుకుని చెప్పాలి. ‘భయమేసిందా?’ అంటే ‘ఊఁ’ అనకూడదు. ‘ఈ వారం ఎలిమినేషన్ తలుచుకుంటే నాకు చాలా భయంగా ఉంది’ అని నిండు వాక్యంలో చెప్పాలి. ఎప్పుడో జరిగిందాన్ని కూడా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. చిన్నప్పుడు తెలుగు పరీక్షలో ‘సొంత వాక్యంలో ప్రయోగించుము’ అన్నప్పుడు దిక్కులు చూసినవాళ్లు ఇక్కడికి పనికిరారు.

అడిగేవాడి ఓపిక గురించి కూడా చెప్పాలి. ‘వాళ్లు నిన్ను దూరం పెడుతున్నారని అనిపించిందా?’ ‘లేదండీ.’ కాసేపాగి, ‘నిన్న భోజనాల దగ్గర కూడా అనిపించలేదా?’ ‘లేదు.’ ఇంకాసేపాగి, ‘మరి నీ పక్కన ఎవరూ కూర్చోలేదేం?’ ఒక గంటకు ‘ఏమో, కొంచెం అనిపించిందేమో’ అంటుంది ఆ పిల్ల. ఆ ‘కొంచెం’, ఆ ‘ఏమో’ రెండూ కత్తెరకు పోతాయి. మిగిలింది ప్రోమో.

నెట్‌ఫ్లిక్స్‌లో 2020లో మొదలైన ‘లవ్ ఈజ్ బ్లైండ్’ అని ఒక షో ఉంది. అందులో అందరూ బంగారు రంగు గ్లాసుల్లోనే తాగుతారు. గాజు గ్లాసయితే ఇప్పుడే నిండుగా ఉంది, ఇప్పుడే సగమయింది, మళ్లీ నిండింది అని జనం పట్టేస్తారు. లోహపు గ్లాసులో ఎంత ఉందో ఎవరికీ కనబడదు. మొదటి గుటక ముందు మాటను ఆఖరి గుటక తర్వాతి మాటకు అతికినా సాక్ష్యం చెప్పేవాడు లేడు. అందానికే పెట్టారేమో, నాకైతే ఎడిటర్ గారికి కట్టిన గుడిలా కనబడుతుంది.

వంటల పోటీల గురించి ఎక్కువ చెప్పను, ఆకలి చచ్చిపోతుంది. ప్లేటును అన్ని కోణాల్లో చిత్రీకరించి, లైట్లు సర్ది, ఒక్కొక్కరినీ పిలిచేసరికి వంట చల్లారిపోతుంది. అందుకే జడ్జీలు వండుతున్నప్పుడే తిరుగుతూ రుచి చూసి పెట్టుకుంటారు. చివర్లో కళ్లు మూసుకుని ‘ఆహా’ అనేది చాలాసార్లు జ్ఞాపకానికే.

‘సర్వైవర్’ చూద్దాం. 2000లో అమెరికాలో మొదలైంది. దీవిలో వదిలేస్తారు, ఓట్లతో ఒక్కొక్కరినీ బయటికి పంపుతారు, చివరికి గెలిచినవాళ్లకు 10 లక్షల డాలర్లు. ఆఖర్లో ఓట్లు చదివే వ్యాఖ్యాత జెఫ్ ప్రోబ్స్ట్ పెట్టెలో చెయ్యి పెట్టి అందిన చీటీ తీసి చదువుతున్నట్టు ఉంటుంది. నిజానికి ముందే లెక్క చూసి, ఉత్కంఠ తగ్గకుండా చీటీలను వరసలో పేర్చుకుని వస్తారు. ఓట్లు నిజమైనవే, లెక్కా నిజమే. మన గుండె కొట్టుకోవాల్సిన వరస మాత్రమే వాళ్లది. 2001లో ఆ షో నిర్మాత మార్క్ బర్నెట్ ఇంకో సంగతి ఒప్పుకున్నారు. కొన్ని దృశ్యాల్లో కెమెరామెన్లు ఫ్రేములో పడకుండా ఉండాలని, పోటీదారుల బదులు వేరేవాళ్లను పెట్టి మళ్లీ తీశారట. పోటీ ఫలితం మాత్రం మారలేదన్నారు. తాళం భద్రం, చూశారా.

ఆ షో పోటీదారులు సంతకం పెట్టే ఒప్పందం ఒకటి బయటికొచ్చింది. ఫలితాన్ని ముందుగా బయటపెడితే 50 లక్షల డాలర్లు కట్టాలని ఉంది అందులో. గెలిస్తే 10, నోరు జారితే 50. నిజం అన్నదానికి ఇంత రేటు కట్టిన సంస్థ లోకంలో ఇంకొకటి నాకు కనబడలేదు. న్యాయస్థానాల్లో కూడా ప్రమాణం ఉచితంగానే చేయిస్తారు.

రహస్యం కాపాడటంలో ‘ప్రాజెక్ట్ రన్‌వే’ అనే దుస్తుల డిజైనర్ల పోటీ వాళ్ల పద్ధతి నాకు మరీ నచ్చింది. ఫైనల్ దుస్తులు న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో జనం ముందు చూపించాల్సి వచ్చేది, అప్పటికి టీవీలో ఇంకా ఎలిమినేషన్లే అవుతూ ఉండేవి. ఎవరు ఫైనల్‌కు వచ్చారో తెలిసిపోతే ఎలా? అందుకని ఓడిపోయినవాళ్ల చేత కూడా ఫైనలిస్టుల్లాగే మొత్తం కలెక్షన్ కుట్టించి ర్యాంపు ఎక్కించారు. అంటే ఆ మనిషి తాను ఓడానని తెలిసీ, గెలవబోతున్నవాడిలా నవ్వుతూ నడవాలి, చప్పట్లకు దణ్ణం పెట్టాలి, ఇంటికెళ్లి టీవీలో తన ఓటమి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలి. దీన్ని నటన అనకూడదు. అంటే పారితోషికం అడుగుతారు కాబట్టి అనకూడదు.

డబ్బు మాట వచ్చింది గనక ఇదీ చెప్పేస్తాను. 2024 డిసెంబరులో అమెరికా జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఒకటి ‘లవ్ ఈజ్ బ్లైండ్’ మీద ఫిర్యాదు దాఖలు చేసింది, అందులో పాల్గొనేవాళ్లు చట్టం దృష్టిలో ఉద్యోగులేనని. ఎంత అన్యాయం! చెప్పిన వేళకు లేచి, చెప్పిన చోట కూర్చుని, కాలర్‌కు మైకు తగిలించుకుని, ఫోను ఇచ్చేసి, పొద్దుపోయేదాకా కెమెరా ముందు ఉంటే అది ఉద్యోగమవుతుందా? అది జీవించడం. జీవించేవాళ్లకు ఓవర్‌టైమ్ ఇస్తూ పోతే ఏ సంస్థ బతుకుతుంది?

ఇదంతా మొన్న ఫైనల్ నడుస్తుండగా బావగారికి వివరిస్తున్నాను. తెర మీద ఫైనలిస్టు అబ్బాయి ఒకడి మీద చేసిన వీడియో వేశారు, పియానో మొదలైంది, మధ్యలో వాళ్లమ్మ ఫొటో. సరిగ్గా వెనకతల పడినచోట, ‘అదిగో బావగారూ, అక్కడ అతికారు’ అన్నాను.

‘ఊరుకోవయ్యా, నాకు తెలీదా, అంతా స్క్రిప్టే’ అన్నారాయన, కళ్లజోడు తీసి జేబురుమాలు పైకి లాగుతూ. తుడుచుకోలేదు. మెల్లగా అద్దుకున్నారు.