పిక్క పట్టిన వేళ

ఆదివారం నాడు టోక్యో శివారులోని ఒక క్రీడామందిరంలో జరిగిన కెండో అనే జపాను కత్తిసాము పోటీలో నాకు ఇచ్చిన పాయింటును ఇచ్చినంత తొందరగానే వెనక్కి లాక్కున్నారు. ఆ పోటీకి నేనెందుకు పేరిచ్చానో, మొదట్లో ఏం వెలగబెట్టానో ఇక్కడ అనవసరం. ఎదుటి ఆటగాడు ముంజేతులు కాస్త పైకెత్తిన క్షణంలో, నాలుగు వెదురు బద్దలు కట్టి చేసిన నా షినాయి కత్తి అతని శిరస్త్రాణం నడినెత్తిన ఠపీమని పడింది. పాయింటు నాదేనంటూ ముగ్గురు న్యాయనిర్ణేతల చేతుల్లోని ఎర్రజెండాలు ఒక్కసారిగా పైకి లేచాయి.

అయితే కెండోలో దెబ్బ తగిలినంత మాత్రాన పని ముగియదు. ఎదుటివాడు తిరగబడతాడేమోనన్న ఎరుక కొట్టిన తరువాత కూడా సడలకూడదు. దానినే జాన్‌షిన్ అంటారు. గెలిచానని చేయి ఊపినా గంతు వేసినా ఆ ఎరుక సడలినట్టే లెక్క, అప్పుడు ప్రకటించిన పాయింటునైనా రద్దు చేయవచ్చునని నిబంధనలలోనే ఉంది.

నేను సంబరం చేసుకోలేదు. నా పిక్క పట్టేసింది. ఈ విద్యలో ఎడమ మడమ నేలకు ఆనకుండా లేచే ఉంటుంది, ముందుకు దూకే బలమంతా ఆ కాలి నుంచే రావాలి. కొట్టిన ఊపులో అతన్ని దాటి పరుగెత్తుతుండగా ఆ కాలి కండ కాస్తా ముడిపడిపోయింది. నేను ఒంటికాలి మీద కుంటుతూ, పడిపోకుండా కుడిచేయి గాలిలోకి ఎత్తాను. సరిగ్గా అప్పుడే, మా అమ్మాయిని చూడటానికి భీమవరం నుంచి వచ్చిన మా మామగారు, చప్పట్లు తప్ప నోరు విప్పకూడని ఆ ప్రేక్షకుల మధ్య లేచి నిలబడి, "అదీ దెబ్బంటే! ఇంకోటి వెయ్యండి అల్లుడుగారూ!" అని కోడిపందేల బరి దగ్గరి గొంతుతో అరిచారు. దాంతో నా నేరం రుజువైపోయింది.

ప్రధాన నిర్ణేత తన ఎర్ర, తెల్ల జెండాలు రెండింటినీ ఒకే చేత్తో పైకెత్తి "గోగి" అన్నాడు. నిర్ణేతలు ముగ్గురూ బరి మధ్యకు చేరి సంప్రదించుకుంటారన్నమాట. అంతసేపూ ఆటగాళ్లు గీత దాకా వెనక్కి తగ్గి సొంక్యోలో కూర్చోవాలి. మడమలు లేపి, బరువంతా మునివేళ్ల మీద మోపి, మోకాళ్లు విడదీసి, వెన్ను నిటారుగా నిలిపి గొంతుక్కూర్చోవడమే సొంక్యో. మోకాళ్ల మీద కూర్చునే వీలు కూడా ఉంది గానీ, దానికి ముందు ఆ కాలిని మడవాలి కదా! పట్టేసిన పిక్కకు సొంక్యోను మించిన శిక్షను యమలోకంలో కూడా కనిపెట్టి ఉండరు. ఆ ముగ్గురు పెద్దమనుషులు మాత్రం లగ్నపత్రిక రాయించుకుంటున్నంత తీరికగా గుసగుసలాడుకుంటున్నారు.

ఆశ్చర్యం, భయం, సందేహం, తికమక అనే నాలుగూ ఖడ్గధారి మనసుకు పట్టే రోగాలని మా గురువుగారు ప్రతి తరగతిలోనూ చెబుతారు. పిక్క పట్టడం ఆ జాబితాలో లేదు. 17వ శతాబ్దంలో తకువాన్ అనే జెన్ బౌద్ధ సన్యాసి, జపాను సైనిక పాలకుడైన షోగన్‌కు ఖడ్గవిద్య నేర్పే యాగ్యూ మునెనోరికి రాస్తూ, మనసును ఎదుటివాడి కత్తి మీద గానీ తన కత్తి మీద గానీ ఆగనివ్వకూడదని, ఎక్కడా ఆగని మనసే అంతటా ఉంటుందని వివరించాడు. నా మనసు ఎడమ మోకాలికి జానెడు కింద ఆగి, అక్కడే కాపురం పెట్టింది. చెమట ముక్కు కొస నుంచి బొట్టు బొట్టుగా రాలుతోంది, తుడుచుకోవడానికి లేదు. శిరస్త్రాణం ఇనుప ఊచల వెనుక నా ముఖం ఎన్ని వంకరలు పోయిందో ఎవరికీ కనబడదు కాబట్టి, ఆ సమయంలో ఆ మందిరంలో నా అంత నిశ్చలంగా కూర్చున్నవాడు మరొకడు లేడనే అందరూ అనుకుని ఉంటారు.

చివరికి ప్రధాన నిర్ణేత జెండాలను కిందుగా అటూ ఇటూ ఊపి పాయింటు రద్దు చేశాడు. ప్రమాదం జరిగితే ఆట ఆపమని అడగడానికి ఆటగాడు చేయి ఎత్తడమే పద్ధతి అని అదే నిబంధనల పుస్తకంలో ఉంది. అంత అనుభవం ఉన్న ఆ ముగ్గురిలో ఒక్కరికైనా అది గుర్తుకు రాలేదంటే ఏమనుకోవాలి? పోనీ, వెళ్లి చెప్పుకుందామా అంటే, నిర్ణేతల తీర్పుకు ఎవరూ అభ్యంతరం చెప్పరాదని అదే పుస్తకం మరో పేజీలో సెలవిస్తోంది.

ఆ తరువాత ఓడిపోయాను. బట్టలు మార్చుకునే గదిలో నన్ను ఓడించినవాడే వచ్చి, వంగి నమస్కరించి, పిక్క మీద కొట్టుకునే మందు స్ప్రే చేతిలో పెట్టాడు. నా కాలు పట్టేసిన సంగతి అతనికి బరిలోనే తెలిసిందట. మరి అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగితే, గోగి జరుగుతుండగా ఆటగాడు నోరు తెరిస్తే అమర్యాదగా ఉంటుందని ఎంతో వినయంగా చెప్పాడు.