‘రీఫ్యాక్టర్ ప్యాచ్‌కు రివ్యూ ఎందుకు?’ అనేవాళ్లకు

కర్నూలులో కోడింగ్ నేర్చుకుంటున్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మూడు రోజుల్లో నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇంతే: ‘రీఫ్యాక్టర్ అంటే కోడ్ చేసే పని మారదు. టెస్టులు పాసైతే కలిపేయండి. ఈమెయిల్ హెడర్ల లాంటి చిన్నవాటికి రివ్యూ టైం వేస్టు. పేరు, కోలన్, విలువ, అంతే కదా. తేడా వస్తే వెనక్కి తిప్పుకోవచ్చు.’ (రీఫ్యాక్టర్ అంటే చేసే పని మార్చకుండా కోడ్‌ను సర్దడం. ప్యాచ్ అంటే కోడ్‌లో చేసిన మార్పుల కట్ట. రివ్యూ అంటే దాన్ని కలిపే ముందు ఇంకొకరు చదివి చూడడం. హెడర్లంటే ఈమెయిల్ పైభాగాన పంపినవారు, సబ్జెక్టు లాంటివి చెప్పే లైన్లు.) ఉద్యోగాలకు వెళ్లబోయే పిల్లలు దీన్ని నిజమని నమ్ముతున్నారు. అందుకే రాస్తున్నాను.

‘పని మారదు’ అన్నది ప్యాచ్ పంపినవాడి నమ్మకం. అది నిజమో కాదో చూడ్డానికే రివ్యూ. మా దగ్గర జరిగిందే చెప్తాను. ఒక చిన్న ఆఫీసుకు వచ్చే ఈమెయిళ్లను సబ్జెక్టు చూసి విడగొట్టే ప్రోగ్రాం మాది. అందులో హెడర్లు చదివే భాగాన్ని సర్ది, మా జూనియర్ ఒకడు దాదాపు నాలుగు వందల లైన్ల ప్యాచ్ పంపాడు. ‘ఏం మార్చలేదన్నా, ఊరికే సర్దినా. టెస్టులన్నీ పాసైనాయి’ అన్నాడు. అబద్ధం చెప్పలేదు, వాడు అలాగే అనుకున్నాడు.

పాత కోడ్‌లో ఒకేలా కనిపించే రెండు ఫంక్షన్లు ఉండేవి. ఒకటి, పొడవై కిందికి మడతపడ్డ మామూలు హెడర్ లైన్లను కలిపేది. అక్కడ మధ్యనున్న స్పేస్ ఉండాలి. రెండోది, ఇంగ్లీషు కాని అక్షరాలను ఎన్‌కోడ్ చేసిన, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులుగా మార్చి రాసిన ముక్కలను కలిపేది. అలాంటి రెండు ముక్కల మధ్య ఉన్న ఖాళీని వదిలేయాలని 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్తుంది. వాడికి రెండూ ఒకటే అనిపించాయి, ఒకటి చేశాడు. ప్యాచ్ మొత్తంలో అసలు తేడా ఆ ఒక్క స్పేసే.

ఆ స్పేస్ తెలుగును ఏం చేస్తుందో చూడండి. ‘కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి ధరలు’ అన్న సబ్జెక్టు తీసుకుందాం. ఎన్‌కోడ్ చేసిన ముక్క ఉన్న లైను 76 అక్షరాలు దాటకూడదు. ఇంగ్లీషులో ‘సబ్జెక్ట్’ అన్న పేరు, కోలన్, స్పేస్ కలిపి 9 పోతాయి. అక్షరాలను బైట్లుగా మార్చిన పద్ధతి యూటీఎఫ్-8, ఆ బైట్లను మామూలు అక్షరాలుగా రాసిన పద్ధతి బేస్64 అని చెప్పే గుర్తులకు ఇంకో 12. మిగిలింది 55. బేస్64 మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా రాస్తుంది కాబట్టి 55లో పదమూడు నాలుగులే పడతాయి, అంటే పట్టేది 39 బైట్లే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతపు గుర్తుకూ మూడు, పొల్లుకూ మూడు, స్పేస్‌కు ఒకటి. ‘కర్నూలు మార్క’ వరకు 37 బైట్లు. దాని మీద ఎత్వం పెడితే 40. పట్టదు. అందుకని క ఒక లైనులో, దాని ఎత్వం తర్వాతి లైనులో పడతాయి. మధ్యలో స్పేస్ చేరితే తెర మీద వచ్చేది ‘కర్నూలు మార్క ెట్ యార్డు’. ‘మార్కెట్’ అన్న మాట కోసం వెతికే మా రూలుకు ఆ ఈమెయిల్ ఇక దొరకదు.

టెస్టులు ఎందుకు పట్టుకోలేదంటే, వాటిలోని సబ్జెక్టులన్నీ ఒక్క లైనులో పట్టే ఇంగ్లీషువే. టెస్టు రాసినవాడికి తోచనిదాన్ని టెస్టు అడగదు. నాకు దొరకడానికి కారణం, కోడ్ మార్పులను దాచి చూపే గిట్ అనే టూల్‌లో ఉన్న ‘కలర్-మూవ్డ్’ ఆప్షన్. చోటు మాత్రం మారిన లైన్లను అది వేరే రంగులో చూపిస్తుంది, నిజంగా మారినవి విడిగా తేలతాయి. అంత పెద్ద ప్యాచ్‌లో నేను కళ్లు పెట్టి చదవాల్సి వచ్చింది ముప్పై నలభై లైన్లే. టైం వేస్టు అనేవాళ్లు ముందు ఇది వాడి చూడాలి.

‘పేరు, కోలన్, విలువ’ దగ్గరికొద్దాం. కోలన్ కనబడ్డ చోటల్లా విడగొడితే, జవాబుగా వచ్చిన ఈమెయిల్ సబ్జెక్టులో ‘రీ’ తర్వాత ఉన్నదంతా పోతుంది. పేరుకు ఒకటే విలువ అని డిక్షనరీలో (పేరు-విలువ జతల పట్టికలో) పెడితే ‘రిసీవ్డ్’ హెడర్లలో ఒక్కటే మిగులుతుంది. ఈమెయిల్ ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పేవి అవే, సర్వరుకొకటి చొప్పున చేరతాయి.

చిన్నదంటున్న ఈ పనిలో పెద్దవాళ్లే తప్పారు. ఎగ్జిమ్ మెయిల్ సర్వర్ 4.97.1 వరకు, పలు లైన్లుగా మడతపడ్డ ఫైలు పేరును తప్పుగా చదివేది. ఫలానా రకం ఫైళ్లు రానివ్వొద్దని పెట్టిన అడ్డును దాటి అవి లోపలికి రాగలిగేవి. 2024లో భద్రతా లోపాల జాబితా సీవీఈలో సీవీఈ-2024-39929గా నమోదై, 4.98లో సరిచేశారు. అంతకుముందు 2019లో, రెండు ‘ఎట్’ గుర్తులున్న చిరునామాను పైథాన్ భాషలోని ఈమెయిల్ మాడ్యూల్ తప్పుగా చదువుతోందని తేలింది. తిప్పికొట్టాల్సిన చిరునామా సరైనదిగా చెల్లిపోయే ప్రమాదం అది.

మెసేజ్‌లో ఒక్కటి ఒప్పుకుంటాను. వేరియబుల్ పేరు బాగుందా లేదా అని రెండు రోజులు వాదించుకోవడం వేస్టే. అది రివ్యూ కాదు.

ఇక వెనక్కి తిప్పుకోవడం. తిరిగేది కోడ్ మాత్రమే. మా ప్రోగ్రాం సబ్జెక్టును డేటాబేసులో రాసుకుని, అసలు ఈమెయిల్‌ను వారం తర్వాత తీసేస్తుంది. ఈ తప్పు పది రోజులకు బయటపడి ఉంటే మొదటి మూడు రోజుల సబ్జెక్టులను ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్లం?

జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్కల లెక్క కాగితం మీద వేసి చూపించాను. వాడే రెండు ఫంక్షన్లను మళ్లీ విడదీసి, దేనికి స్పేస్ ఉండాలో దేనికి ఉండకూడదో పైన కామెంటు రాశాడు. ఉల్లి ధరల సబ్జెక్టును టెస్టుగా చేర్చాడు. ఆ తర్వాతే ప్యాచ్ కలిపాం.