జానెట్ ఎవరి కొడుకు?

స్కాట్లాండ్ పాత పారిష్ (ఒక చర్చి కింది ఊళ్ళు) పెళ్ళిళ్ళ పుస్తకం గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. 1553లో పెర్త్‌షైర్‌లోని ఎరల్ ఊరి చిట్టాతో మొదలైన మీ వంశం ఎడింబరోలో భద్రంగా ఉందని తెలిసి సంతోషించాను.

నిజం చెప్పాలంటే మీ దగ్గరికి గౌరవంతోనే వచ్చాను. పక్కనున్న ఇంగ్లండ్‌లో పెళ్ళి కాగానే ఆడవాళ్ళ ఇంటిపేరు గోదాట్లో కలిసిపోతుంటే (వాళ్ళకి థేమ్స్ అనుకోండి), మీ దగ్గర జానెట్ మెక్‌డొనాల్డ్ అనే అమ్మాయి స్మిత్ అనే అతన్ని చేసుకున్నాక కూడా జానెట్ మెక్‌డొనాల్డే. దస్తావేజుల్లో అయితే రెండూ రాసి మధ్యలో ‘లేదా’ పెట్టేవారు: ‘జానెట్ మెక్‌డొనాల్డ్ లేదా స్మిత్’. సమాధి రాయి మీద కూడా మొగుడిదొక ఇంటిపేరు, పెళ్ళాందొకటి. పెళ్ళిపందిరి విప్పకముందే ‘ఆధార్‌లో ఇంటిపేరు మార్పించావా అమ్మా’ అని అడిగించుకున్నదాన్ని, కళ్ళు చెమర్చాయి.

తర్వాత అసలు సంగతి తెలిసింది. పెళ్ళయినా ఆడపిల్ల పుట్టింటి వంశం మనిషే, మొగుడి వంశంలో కలవదని మీవాళ్ళ లెక్కట. అంటే పేరు ఆమెదని కాదు, నాన్నదని. మా దగ్గర బదిలీ అవుతుంది, మీ దగ్గర బదిలీ లేదు. అంతే తేడా.

పోనీ ఆ పేరైనా సరిగ్గా రాశారా? స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో మెక్ అంటే కొడుకు. ఆడపిల్లకి వేరే మాట ఉంది, నిక్ అని. మీ పాత పేజీల్లో కొందరు గుమాస్తాలు దాన్ని ‘ఎన్, సీ’ అని రెండక్షరాలకి కుదించైనా రాశారు. తర్వాతివాళ్ళకి ఆ ఓపికా లేదు, అందర్నీ మెక్ చేసేశారు. పెళ్ళికూతురు కాస్తా డొనాల్డ్ కొడుకై కూర్చుంది! (ఆమాటకొస్తే నిక్ అన్నా మూలార్థం ‘కొడుకు కూతురు’ అనేనట. మధ్యలో కొడుకు లేనిదే కూతురు పుట్టదు కాబోలు.)

చాలా ఊళ్ళలో మీ గుమాస్తా బడిపంతులే. పిల్లలకి డిక్టేషన్ తప్పులు దిద్దే ఆ మహానుభావుడు తన వంతొచ్చేసరికి చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ‘ఎమ్’ రాసి, దాని నెత్తిన చిన్న కొక్కెం తగిలించి మెక్ అయిందనిపించాడు. ఒకే మనిషి పేరు పెళ్ళినాడొకలా, బిడ్డ బాప్తిస్మంనాడు ఇంకోలా. 1783లో ప్రతి నమోదుకీ మూడు పెన్నీల పన్ను వేశాక కొందరు అసలు రాయించుకోవడమే మానేశారు. 1794లో ఎత్తేసేదాకా అదే తంతు.

ఇక రెండోపెళ్ళికొచ్చిన విధవరాలి సంగతి. ఒకచోట పుట్టింటిపేరు, ఇంకోచోట పోయిన మొగుడి పేరు. పక్కనే ‘ఫలానా వాడి రెలిక్ట్’ అని. లాటిన్ మూలం చూస్తే వెనక వదిలేసినది అని అర్థం. రైల్లో మర్చిపోయిన గొడుగుని కూడా ఇంతకంటే మర్యాదగా పిలుస్తామండీ.

పైగా మీలో బోలెడు పద్దులు పెళ్ళివి కూడా కావు, చర్చిలో చేసిన పెళ్ళిప్రకటనలవి. చెప్పినట్టు పెళ్ళి చేసుకుంటారని జంట దగ్గర డిపాజిట్ కట్టించుకునేవారు. కొన్నిచోట్ల ఆ సొమ్మునీ, దానికి హామీ నిలబడ్డవాళ్ళ పేర్లనీ శ్రద్ధగా రాసుకున్నారు. పెళ్ళికూతురి తండ్రినీ, ఆయన ఊరినీ కూడా కొన్నిసార్లు రాశారు.

1855 జనవరి 1న సర్కారు వాళ్ళ కొత్త రిజిస్టరొచ్చింది. అందులో పెళ్ళికూతురి తల్లి పేరు, ఆవిడ పుట్టింటి ఇంటిపేరుతో సహా అడిగి రాసుకున్నారు. ఆకాశమేమీ విరిగిపడలేదు. కానీ మన జానెట్ అప్పటికే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

ఇంతకీ వాళ్ళమ్మ పేరేంటండీ?

ఇట్లు,
డిగ్రీ పట్టాలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకోటి ఉన్న మీ పాఠకురాలు