ఎలియాస్ గడప దాటదు

‘లినక్స్ వాడేవారికి ఐదు బంగారు సూత్రాలు’ అనే సందేశం ఈ నెలలో నాకు రావడం ఇది ఏడోసారి. బరంపురం నుంచి ఇద్దరు, గుణుపురం నుంచి ఒకరు పంపారు. ఇక్కడ పర్లాకిమిడిలో మా పక్క వీధి మిత్రుడైతే రెండుసార్లు పంపాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

వేరియబుల్‌కు, అంటే పేరు పెట్టి దాచుకునే విలువకు, విలువ ఇచ్చేటప్పుడు సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలితే చూడటానికి శుభ్రంగా ఉంటుందట. వదిలి చూడండి. అలాంటి కమాండ్ లేదని షెల్, అంటే మనం టైపు చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము, మొహం మీదే చెబుతుంది.

స్క్రిప్టులో (వరుసగా నడిచే కమాండ్లు రాసిన ఫైలులో) ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్, స్క్రిప్టు ముగిశాక కూడా మనం కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో నిలిచి ఉంటుందట. ఉండదు. ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుళ్ల మూటను ఎన్విరాన్‌మెంట్ అంటారు; ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు దాని చేతికి అందేది ఆ మూట నకలు. తహశీలు కచేరీలో తెచ్చుకున్న నకలు మీద మనం ఎన్ని దిద్దుబాట్లు చేసుకున్నా రికార్డు గదిలోని అసలు కాగితం మారదు కదా. టెర్మినల్‌లోనే మార్పు కావాలంటే ఆ ఫైలును సోర్స్ చేయాలి, అంటే ఆ షెల్ చేతనే చదివించాలి.

మూడో సూత్రం దగ్గరే నా ఓపిక నశించింది. ‘ఆర్ఎం అంటే ఆర్ఎం హైఫన్ ఐ అని బాష్‌ఆర్‌సీ ఫైలులో ఒక్కసారి ఎలియాస్ రాసుకోండి. ఇక ఏ ప్రోగ్రామూ మిమ్మల్ని అడగకుండా ఫైలు చెరపలేదు.’ ఆర్ఎం అంటే ఫైళ్లు చెరిపే కమాండ్, హైఫన్ ఐ జోడిస్తే అడిగి చెరుపుతుంది. ఎలియాస్ అంటే కమాండ్‌కు పెట్టుకునే మారుపేరు. బాష్ ఒక షెల్, టెర్మినల్ తెరిచినప్పుడు అది చదువుకునే ఫైలు బాష్‌ఆర్‌సీ.

మా మేనల్లుడికి డీటీపీ దుకాణం ఉంది. మా వైపు శుభలేఖ అంటే ఒక పక్క తెలుగు, మరో పక్క ఒడియా. రెండు లిపుల్లోనూ పేర్లు సరిచూసేసరికి కళ్లు కాయలు కాస్తాయి. పాత ఫైళ్లు ఊడ్చేయడానికి వాడొక చిన్న స్క్రిప్టు రాశాడు. మొదటి వరుస పాత ఫోల్డరులోకి వెళ్లడానికి, రెండోది అక్కడున్నదంతా చెరపడానికి. ఫోల్డరు పేరులో ఒక అక్షరం తప్పింది. స్క్రిప్టు ఎక్కడికీ వెళ్లలేదు, ఉన్నచోటే ఉండి రెండో వరుస నడిపింది. ‘ఎలాగూ అడుగుతుంది కదా మామయ్యా’ అన్నాడు తరువాత. అడగలేదు. ఆ వారం అచ్చుకు వెళ్లాల్సిన శుభలేఖలన్నీ పోయాయి.

ఎలియాస్ అసలు ఎన్విరాన్‌మెంట్‌లో ఉండదు. అది ఆ షెల్ సొంత జ్ఞాపకం. స్క్రిప్టు నడిపే బాష్ ఆ బాష్‌ఆర్‌సీని చదవదు, ప్రత్యేకంగా చెబితే తప్ప ఎలియాస్‌లను విప్పదు కూడా. పైథాన్ ప్రోగ్రామైతే ఆర్ఎం గుమ్మం తొక్కకుండానే ఫైలు చెరిపేస్తుంది. ఈ సూత్రకర్త తన ఇంటి కుక్కకు పెట్టిన ముద్దుపేరుకు ఊళ్లో కుక్కలన్నీ తోక ఊపుతాయని నమ్మే రకం కాబోలు.

పాస్‌వర్డును ఎన్విరాన్‌మెంట్‌లో దాస్తే ఎవరికీ కనబడదని నాలుగోది. మీ పేరుతో నడిచే ప్రతి పిల్ల ప్రోగ్రాముకూ దాని నకలు మీరే చేతిలో పెడుతున్నారు. పైగా నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలు చూపే ప్రాక్ ఫోల్డరులోని ఎన్విరాన్ ఫైలును తెరిచి, రూట్ అనే సర్వాధికారి ఖాతా దర్జాగా చదువుకోవచ్చు. బాగా దాచారు.

ఎలియాస్ వెళ్లకపోయినా, ఎక్స్‌పోర్ట్ హైఫన్ ఎఫ్ అంటే ఫంక్షన్ (ఒక పేరు కింద రాసుకున్న కమాండ్ల కట్ట) మాత్రం పిల్ల షెల్‌కు వెళుతుందని ఐదో సూత్రం. ఎగతాళి చేద్దామనే ప్రయత్నించాను. వెళ్లింది. బాష్ ఆ ఫంక్షన్ పాఠాన్నంతా ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో కుక్కి పంపుతుంది. 2014లో బాష్‌లో బయటపడిన షెల్‌షాక్ అనే భద్రతా లోపం ఈ దారిలోదే. ఆర్ఎం పేరుతో అలాంటి ఫంక్షన్ ఒకటి రాసి పంపి ఉంటే, మావాడి బాష్ స్క్రిప్టు నిజంగానే ఆగి అడిగేది. మూడోదానితోనే చదవడం ఆపేశాడు వాడు. ఆరుసార్లు వచ్చినా ఐదోదాకా నేనూ చదవలేదు.