అప్పుడు కొండ అడ్డం, ఇప్పుడు ప్యాకేజీ అడ్డం

మా ఇంటి టీవీలో ప్రతి మనిషికీ కుడి పక్కన ఇంకో మనిషి ఉండేవాడు. వార్తలు చదివే ఆమె చెవి దాటాక మరో చెవి, క్రికెట్ బంతి వెనకాలే పల్చటి ఇంకో బంతి. ఒడిశాలో, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్లే దారిలో, వంశధారకు దగ్గరగా, వెనక కొండ ఉన్న ఊరు మాది. ఆ రెండో మనిషిని మేం నీడబొమ్మ అనేవాళ్లం. తమ్ముడు డాబా ఎక్కి వెదురు బొంగుకు కట్టిన యాంటెన్నాను తిప్పేవాడు. అమ్మ గుమ్మంలో నిలబడి "వచ్చింది, వచ్చింది, అక్కడే ఉంచరా... అయ్యో, మళ్లీ పోయింది" అని కేక వేసేది. టీవీ పాడైందనుకుని నాన్న ఇద్దరు మెకానిక్‌లను మార్చారు. టీవీకి ఏ జబ్బూ లేదు. ఒకే బొమ్మ మా యాంటెన్నాకు రెండు దారుల్లో వచ్చేది: టవర్ నుంచి నేరుగా ఒకసారి, వెనక కొండకు తగిలి తిరిగొచ్చి ఇంకోసారి.

ఆలస్యంగా వచ్చిన బొమ్మ కుడి వైపే ఎందుకు పడుతుంది? పాత గాజు ట్యూబు టీవీలో ఎలక్ట్రాన్ల ధార తెర మీద ఎడమ నుంచి కుడికి గీతలు గీస్తూ పోతుంది. మన దేశం ఎంచుకున్న పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు పడుతుంది, అందులో బొమ్మ ఉండేది 52. రేడియో తరంగం ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది. 20 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. కాబట్టి నీడ 3 సెంటీమీటర్లు పక్కకు జరిగిందంటే అది దాదాపు 4 మైక్రోసెకన్లు ఆలస్యంగా, అంటే 1,200 మీటర్లు ఎక్కువ తిరిగి వచ్చిందన్నమాట. పోను 600, రాను 600. తెర మీద స్కేలు పెట్టి కొలిస్తే ఇంటి వెనక కొండ ఎంత దూరమో తెలిసిపోయేది! ఈ లెక్క నాకు తెలిసేసరికి ఆ టీవీ మా ఇంట్లో లేదు.

ఒడిశా సరిహద్దులో తెలుగు ఇళ్లు ఏ భాషలో టీవీ చూశాయన్నది చాలాకాలం ఇలాంటి లెక్కలే తేల్చాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి అందులో చేరింది. ఇక్కడే ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, సవర భాషకు నిఘంటువు కూర్చి, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అదే సంవత్సరం నవంబర్ 2న లండన్‌లో బీబీసీ క్రమం తప్పని టీవీ ప్రసారాలు మొదలుపెట్టింది. రెంటికీ సంబంధమేమీ లేదు. అయినా మా ప్రాంతం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ రెండూ కలిసే గుర్తొస్తాయి. మమ్మల్ని విడదీసిన గీతా, ఆ గీతను లెక్కచేయని తరంగమూ ఒకే ఏట వచ్చాయి.

తరంగం సరిహద్దును లెక్కచేయదు కానీ, భూమి వంపును, కొండను లెక్కచేస్తుంది. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. 150 మీటర్ల టవర్ నుంచి వాటి చూపు సుమారు 50 కిలోమీటర్లు. డాబా మీద 10 మీటర్ల ఎత్తున యాంటెన్నా పెడితే ఇంకో 13 కలుస్తుంది. విశాఖ మాకు గాలిదారిలో సుమారు 150 కిలోమీటర్లు. ఎండాకాలం కొన్ని రాత్రులు గాలి పొరల్లో తరంగం వంగి, ఎక్కడిదో తెలియని స్టేషన్ చుక్కల మధ్య మెరిసి మాయమయ్యేది. అంతకు మించి ఆశ లేదు.

1982 ఆసియా క్రీడలతో రంగులొచ్చాయి, 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహం ఎగిరింది, 1984లో దాదాపు రోజుకొకటి చొప్పున దేశమంతా చిన్న ట్రాన్స్‌మిటర్లు లేచాయి. 100 వాట్లు, అంటే పాత బల్బుకు సరిపోయేంత శక్తి. చుట్టూ పది, పదిహేను, మహా అయితే పాతిక కిలోమీటర్లు. ఉపగ్రహం నుంచి ఏది దిగితే దాన్నే అవి పంచేవి: మొదట ఢిల్లీ హిందీ, తర్వాత రాష్ట్ర భాష. మా రాష్ట్ర భాష ఒడియా. ఆ భాష నేర్చుకున్నందుకు నాకు సంతోషమే, బడిలోకన్నా టీవీలోనే ఎక్కువ నేర్చుకున్నాను. మా నాయనమ్మకు మాత్రం ఆ పెట్టె చివరిదాకా మూగబొమ్మే.

దీనికి మందు అంతకు పదేళ్ల ముందే మన దేశంలో వాడి చూశారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఇస్రో, దూరదర్శన్ కలిసి సైట్ అనే ప్రయోగం నడిపాయి. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు, కోళ్లగూటికి వాడే ఇనుప వలతో చేసిన 3 మీటర్ల డిష్‌ల మీద నేరుగా టీవీ దింపారు. ఒడియా కార్యక్రమాలు కటక్‌లో, తెలుగువి హైదరాబాద్‌లో తయారయ్యేవి. ఒడియా పల్లెలు సంబల్‌పూర్, ఢెంకనాల్, ఫుల్బాణి జిల్లాల్లోవి. తెలుగు పల్లెలు హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లోవి. రెంటికీ నడుమ ఉన్న అప్పటి గంజాం (ఇప్పటి మా గజపతి జిల్లా అప్పుడు అందులోదే), కొరాపుట్ జిల్లాలు జాబితాలో లేవు. అది అప్పటి అవసరాల లెక్క, తప్పుపట్టను. నన్ను నిలబెట్టేసిన విషయం వేరే ఉంది. ఆ ఏర్పాటులో ఒక చిత్రంతో పాటు రెండు ధ్వని మార్గాలు పంపే వీలుంది. బొమ్మ ఒకటే, మాట రెండు భాషల్లో! రెండు భాషలు పక్కపక్కన బతికే చోటికి ఇంతకన్నా ఏం కావాలి? పశ్చిమ జర్మనీ 1981లో మామూలు టవర్ ప్రసారాల్లోనే రెండో ధ్వని పెట్టింది. మా కొండల్లోకి వచ్చిన ప్రసారం మాత్రం ఒక బొమ్మ, ఒక మాట దగ్గరే ఆగింది.

1995లో ఈనాడు టీవీ, జెమిని వచ్చాయి. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం నుంచి చూస్తే సరిహద్దుకు అటున్న ఆంధ్రా పాతపట్నమూ, ఇటున్న పర్లాకిమిడీ ఒకే చుక్క. కొండ అడ్డు తొలగిపోయింది. మా కేబుల్ అతను పెద్ద డిష్ ఒకటి తెలుగుకు, ఒకటి ఒడియాకు పెట్టి, ఏ వీధిలో ఎవరుంటారో చూసి ఛానళ్లు సర్దేవాడు. శివరాత్రికి తెలుగు భక్తి ఛానల్, రథయాత్రకు పూరీ నుంచి ప్రత్యక్ష ప్రసారం. చెప్తే మర్నాటికల్లా మార్చేవాడు. గుణుపురంలో, రాయగడలో, బరంపురంలో కూడా తెలుగిళ్లలో ఇదే కథ. సరిహద్దు తెలుగువాళ్లకు టీవీ బాగా అమరింది ఆ పదిహేను, ఇరవై ఏళ్లే అని నా అభిప్రాయం. అది సాంకేతికత గొప్పతనం కన్నా, ఎంపిక మా వీధిలో ఉండటం వల్ల జరిగిన మేలు.

తర్వాత డిజిటల్ వచ్చింది. ఒక మామూలు టీవీ చిత్రాన్ని ఉన్నదున్నట్టు అంకెల్లో పెడితే సెకనుకు దాదాపు 166 మెగాబిట్లు. దాన్ని నాలుగైదుకు, ఇంకా తక్కువకు నొక్కితేనే పది ఛానళ్లు ఒకే దారిలో పడతాయి. ముందు బొమ్మకూ వెనక బొమ్మకూ తేడా ఉన్న భాగాన్నే పంపడం ఒక ఉపాయం. చిన్న చిన్న గడులుగా కోసి, కన్ను పట్టుకోలేని వివరాలను వదిలేయడం మరొకటి. ఈ రెండో ఉపాయానికి పునాది వేసిన నాసిర్ అహ్మద్ బెంగళూరులో పుట్టినవారు. ఆయన బృందం వ్యాసం 1974లో వచ్చింది. వానలో తెర గడులు గడులుగా విరిగి నిలిచిపోవడం చూస్తాం కదా, అవి ఈ గడులే. పాత టీవీలో సిగ్నల్ తగ్గితే చుక్కలు పెరిగేవి, మాట వినపడుతూనే ఉండేది. డిజిటల్‌లో ఉంటే అంతా ఉంటుంది, ఒక మెట్టు దిగితే ఏమీ ఉండదు.

2012 నుంచి 2017 దాకా నాలుగు విడతల్లో కేబుల్ అంతా డిజిటల్ అయింది. ఛానళ్లు సర్దే పని వీధి నుంచి ఎక్కడో నగరంలోని కంట్రోల్ రూముకు వెళ్లింది. 2019లో కొత్త ధరల పద్ధతి వచ్చాక మా ఇంటికి వచ్చింది ఒడిశా ప్యాక్. తెలుగు ఛానళ్లు కావాలంటే విడివిడిగా కొనాలి, లేదా అదనపు ప్యాక్ వేసుకోవాలి. ఒక డిష్ సంస్థకు ఫోన్ చేసి, మా ఊళ్లో సగం మంది తెలుగువాళ్లమని చెప్పాను. "మీ పిన్‌కోడ్ ఒడిశాది సార్" అన్నాడు అవతలి కుర్రాడు. అతని తప్పేం లేదు. తెర మీద అతనికి కనబడింది అదే. ఆకాశం నుంచి మా డాబా మీదికి తెలుగు దిగుతూనే ఉంది, తాళం మాత్రం మా సెట్‌టాప్ పెట్టెలోని కార్డు దగ్గర ఉంది.

డబ్బు సంగతి అయితే ఎలాగో సర్దుకుంటాం. నా అసలు దిగులు తుఫాను గురించి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం తోటలు కూల్చేసి, మా గజపతి కొండల మీదికి వచ్చి కుండపోతగా కురిసింది. కొండచరియ విరిగిపడి, తలదాచుకున్న చోటే పన్నెండు మందికి పైగా పోయారు. గాలి ఒకటే, వాన ఒకటే, వంశధార ఒకటే. టీవీ పటంలో మాత్రం తెలుగు ఛానళ్ల హెచ్చరిక ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతుంది. మా జిల్లా పేరు ఒడియాలోనే వినాలి. ఒడియా చక్కగా వచ్చినవాళ్లకు ఇబ్బంది లేదు. సవర, తెలుగు తప్ప రాని ముసలివాళ్లకు ఎవరు చెప్తారు?

డిజిటల్‌లో రెండో భాషకు ఎంత చోటు కావాలో చూడండి. చిత్రానికి 3, 4 మెగాబిట్లు పోతే, మాటకు 128 కిలోబిట్లు చాలు. చిత్రం తినే చోటులో ఇరవయ్యో వంతు కూడా అవదు. డిస్కవరీ లాంటి ఛానళ్లు ఒకే బొమ్మ మీద హిందీ, తమిళం, తెలుగు మాటలు ఏళ్లుగా ఇస్తున్నాయి. రిమోట్ మీద భాష మార్చే ఆడియో మీట ఎప్పటినుంచో ఉంది. డీడీ ఒడియా వాతావరణ బులెటిన్‌కు తెలుగు, సవర మాటలు జోడించవచ్చు. డీడీ సప్తగిరి బులెటిన్‌కు ఒడియా జోడించవచ్చు. నెల రుసుము లేని డీడీ ఫ్రీ డిష్‌లో ఈ రెండు ఛానళ్లూ ఇప్పటికే ఉన్నాయి. కావలసింది రోజుకు పది నిమిషాలు చదివే ఇద్దరు మనుషులు, భువనేశ్వర్, అమరావతి వాతావరణ కేంద్రాలు రెండూ తమ సూచనల్లో పక్క జిల్లాల పేర్లు కూడా చెప్పడం.

ఫోన్‌లో అన్నీ వస్తాయి కదా అంటారు. మా ఊరు దాటి కొండెక్కితే ఫోన్ సిగ్నల్ ఎన్నిచోట్ల అందుతుందో ఇక్కడ తిరిగినవాళ్లకు తెలుసు. గాలివానకు ముందు పోయేది కరెంటు, ఆ తర్వాత సెల్ టవర్ బ్యాటరీ. డిష్‌కూ ఒక బలహీనత ఉంది: ఇంటి డిష్ వాడే తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే, జోరువాన దాన్ని మింగేస్తుంది. మా పాత కేబుల్ అతని పెద్ద డిష్ తరంగం ఏడున్నర సెంటీమీటర్లు, ఆ వానలోనూ నిలిచేది. అందుకే తుఫాను తీరం దాటే గంట కోసం కాకుండా, అంతకు రెండు మూడు రోజుల ముందు, ఆకాశం ఇంకా తేటగా ఉన్నప్పుడు ఆ రెండో మాట వినపడాలంటున్నాను. పశువులను విప్పి పై గట్టుకు తోలాలన్నా, ముసలివాళ్లను బడి భవనంలోకి చేర్చాలన్నా మాకు దొరికేది ఆ రెండు రోజులే.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు అమ్మ డీడీ ఒడియా పెట్టుకుని కూర్చుంది. రిమోట్ తీసుకుని ఆడియో మీట నొక్కి చూశాను. తెర మీద భాషల జాబితాలో ఒక్క వరసే వచ్చింది.