రీలు పోయింది, అద్దె లెక్క పోలేదు

2025 మేలో సినిమా హాళ్లు మూస్తామన్న మాట మొదట తూర్పుగోదావరి ప్రదర్శకుల (హాళ్లు నడిపేవారి) నుంచే వచ్చింది. జూన్ 1 నుంచి తలపెట్టిన బంద్‌ను విరమించుకున్నారు. సినిమా ఆడించినందుకు నిర్మాత, పంపిణీదారు హాలుకు కట్టే అద్దెలు వద్దు, మొదటి రోజు నుంచే వసూళ్లలో వాటా ఇవ్వండని వారు అడిగినదాంట్లో మాత్రం న్యాయముంది. అదెందుకో తెలియాలంటే గోదావరి డెల్టాలో హాళ్లు ఎలా బతికాయో చూడాలి.

రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య 1936లోనే దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల నుంచి ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి తెరకెక్కారు. నాటకానికి అలవాటుపడిన జనమే టాకీలనూ పోషించారు. కాకినాడలో ఒక వీధికి సినిమా రోడ్డన్న పేరే స్థిరపడింది. రాజమండ్రిలో హాలు పేరుతోనే పిలిచే శ్యామలా సెంటర్ అంటే దారి అడగక్కర్లేదు. పల్లెల్లో టూరింగ్ టాకీసు డేరాలు వేసి నేల, బెంచీ, కుర్చీ టికెట్లు అమ్మేవారు. సార్వా, దాళ్వా నూర్పిళ్లయి ధాన్యం డబ్బు చేతికొచ్చిన రోజులే వారికి పండగ.

ఆ కాలపు వ్యాపారమంతా ప్రింటు (సినిమా ఫిల్మ్ కాపీ) చుట్టూ తిరిగింది. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు, అంటే వెయ్యడుగుల రీళ్లు 14. ఆపరేటర్ రెండేసి రీళ్లు అతికించి స్పూలుకు చుట్టి, రెండు ప్రొజెక్టర్ల మీద మార్చి మార్చి ఆడించేవాడు. కాలుతున్న కార్బన్ కడ్డీల మధ్య ఎడం పెరిగితే తెర మసకబారేది. గేటులో ఫిల్మ్ ఇరుక్కుంటే ఆ వేడికి బొమ్మ బుడగలెత్తి కాలిపోయేది. దగ్గరి ఊళ్ల రెండు హాళ్లు ఒకే ప్రింటు పంచుకుంటే, ఒకచోట ఆడిన రీళ్లు సైకిలు మీద రెండోచోటికి వెళ్లేవి. దారిలో రైలు గేటు పడితే రెండో హాల్లో ఇంటర్వెల్ సాగేది!

ప్రింటు ఖరీదైనది గనుక తక్కువ తీసేవారు. సినిమా ముందు కాకినాడ, రాజమండ్రి, భీమవరం లాంటి ఊళ్లలో ఆడి, వారాల తర్వాత చిన్న సెంటర్లకు దిగేది. వసూళ్లు నెలల మీద పరుచుకునేవి. అప్పుడు వారానికింతని అద్దె తీసుకోవడం హాలుకు భద్రతే. పన్నూ అలాగే ఉండేది: సీట్ల సామర్థ్యాన్ని బట్టి ఒకే మొత్తం కట్టే స్లాబ్ పద్ధతి.

ఉపగ్రహం ద్వారా డిజిటల్ ప్రదర్శన వచ్చాక ఈ మెట్లన్నీ కూలాయి. ఒకే శుక్రవారం మారుమూల హాల్లోనూ బొమ్మ పడుతోంది. సినిమా బతుకు పది రోజులకు కుదించుకుపోయింది. లెక్క మాత్రం రీళ్ల నాటిదే. హాలు నిండే మొదటి వారం యజమానికి అద్దె, ఈగలు తోలుకునే తర్వాతి వారాల్లో వాటా!

ఉదాహరణకు వారం అద్దె రెండున్నర లక్షలనుకుందాం. పెద్ద సినిమాకు మొదటి వారం నెట్ (పన్ను పోగా వసూలు) 8 లక్షలొస్తే హాలుకు దక్కేది ఆ రెండున్నర లక్షలే. 40 శాతం వాటా అయితే 3.20 లక్షలు. చిన్న సినిమాకు 2 లక్షలే వస్తే నిర్మాత 50 వేలు ఎదురు కట్టాలి. వ్యాపారంలో దీన్నే డెఫిసిట్ అంటారు. వాటా పద్ధతిలో అతనికి 1.20 లక్షలు మిగులుతాయి. హాలుకు 80 వేలే వస్తాయి, నిజమే. డెఫిసిట్ భయంతో సినిమాయే రాక తాళం వేసుకోవడం కంటే అది నయం. భారీ ధరకు ఈస్ట్, వెస్ట్ గోదావరి హక్కులు కొన్న పంపిణీదారు గగ్గోలు పెడతాడు. (2022లో జిల్లాలు ముక్కలైనా సినిమా వ్యాపారానికి ఇప్పటికీ ఆ రెండే జిల్లాలు.) కొనేటప్పుడే వాటా లెక్కించుకుంటే హక్కుల ధర తనంతట తనే దిగుతుంది. 2009లో హిందీ నిర్మాతలు, మల్టీప్లెక్సుల తగవు తెగింది కూడా వాటా మీదే: పంపిణీదారుకు తొలి వారం 50 శాతం, తర్వాత 42.5, 37.5, 30. ఒంటి తెర హాలుకు అదే న్యాయం ఎందుకు వర్తించదు?

టికెట్ ధర పెంచితే సరిపోతుందనేవారు జీఎస్టీ చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల వరకు 5 శాతం, దాటితే 18. పన్ను కాక వంద పెడితే ప్రేక్షకుడు 105 ఇస్తాడు. ధర 110 చేస్తే 129.80 ఇవ్వాలి. అతని జేబులోంచి 24.80 అదనంగా పోతే వ్యాపారానికి చేరేది పది. నాన్ ఏసీ హాలుకు ఇది ఆత్మహత్యే. మరో వైపు, 2021 ఏప్రిల్ జీవోలా పంచాయతీ హాల్లో కనీస టికెట్ 5 రూపాయలకు దించడమూ అంతే తెలివితక్కువ పని. 2022 మార్చిలో కనీస ధరను 20కి పెంచి ప్రభుత్వమే దాన్ని దిద్దుకుంది.

వెయ్యి సీట్ల హాలును రెండు తెరలుగా చీల్చుకోవడానికి అనుమతులు సులువు కావాలి. అగ్నిమాపక, విద్యుత్, భవన తనిఖీలు ఒకే రోజు జరిపి, లైసెన్సు సవరణకు గడువు పెట్టాలి. మధ్య గోడ పైకప్పు దాకా కట్టకపోతే ఒక సినిమా ఫైట్లు పక్క సినిమా పాటలో వినిపిస్తాయి. ద్వారాలు విడివిడిగా లేకపోతే ఆట వదిలినప్పుడు తొక్కిసలాటే. తనిఖీలో పట్టుకోవాల్సినవి ఇవి. సంక్రాంతి చిత్రాల బేరాలు మొదలుకాకముందే ఈస్ట్, వెస్ట్ ప్రదర్శకులు, పంపిణీదారులు కూర్చుని, వారాలవారీ శాతాలను కాగితం మీద పెట్టాలి.