పాతదాన్ని బాగుచేయకుండా పక్కకు జరిగే నగరం

హైదరాబాద్‌ను ఒకే నగరంగా చూస్తే దాని స్వరూపం అర్థం కాదు. అధికారం చేతులు మారినప్పుడల్లా కొత్తగా వచ్చినవారు పాత ఊరి జోలికి పెద్దగా పోకుండా, దాని పక్కనే తమ ఊరు కట్టుకున్నారు. గోల్కొండ ఇరుకైపోవడంతో మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో మూసీకి దక్షిణాన, చార్మినార్ నడిబొడ్డుగా, నాలుగు దిక్కులకూ బాటలు తీసిన నగరానికి పునాది వేశాడు. నిజాం దర్బారులోని బ్రిటిష్ ప్రతినిధి నివాసమైన రెసిడెన్సీ నదికి ఉత్తరాన కోఠిలో వెలిసింది. హుస్సేన్‌సాగర్‌కు ఆవల ఉన్న కంటోన్మెంటు ప్రాంతానికి 1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అన్న పేరు స్థిరపడింది. 1998 నాటి ఐటీ భవనం సైబర్ టవర్స్‌తో మాదాపూర్ వైపు మరో నగరం మొదలైంది. వీటిలో ఎవరికి ఎంత వాటా అన్న తగాదా ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న 1952 ముల్కీ ఆందోళనలోనూ, 1969 తెలంగాణ ఉద్యమంలోనూ వీధికెక్కింది.

ఈ నగరం తన్ను తాను నిజంగా సరిదిద్దుకున్న సందర్భం, నా దృష్టిలో, ఒక్కటే. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తి వేల ప్రాణాలు తీసిన తర్వాత, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదను ఊళ్లోకి వచ్చాక కాకుండా ఎగువనే ఆపాలని సూచించారు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. వరద ఆపడమే కాదు, తాగునీరూ వాటి నుంచే వచ్చింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను విప్పి, రోడ్లు వెడల్పు చేసింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి నదికి చెరో ఒడ్డున లేచాయి. నదిని మురుగుకాలువగా కాక ముఖద్వారంగా చూసిన రోజులవి.

ఆ జలాశయాల పరీవాహక ప్రాంతంలో కట్టడాలను నిరోధించిన 111వ నంబరు జీవో 1996 నాటిది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. భూమి ధర ముందు వరద జ్ఞాపకం ఎంతకాలం నిలుస్తుంది? 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పూర్తయింది గానీ, ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన మెట్రో మార్గం 2020లో మూసీ ఒడ్డున ఇమ్లీబన్ బస్‌స్టేషన్ దగ్గరే ఆగింది. అదే ఏడాది అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి, దిగువన హఫీజ్‌బాబానగర్ మునిగింది. మూసీ సుందరీకరణ గురించి మాట్లాడేవారు మొదట ఈ చెరువుల కట్టలు, వాటిని కలిపే నాలాలు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పాలి.